డిశ్చార్జి కాగితంలో లేని కుట్లు

సంపాదకులు గారికి నమస్కారాలు.

కాన్పుల గురించి మన పత్రికల్లో వార్త వచ్చిందంటే అది దాదాపుగా శాతాల వార్తే అయి ఉంటుంది. ఫలానా చోట సిజేరియన్లు పెరిగాయని, సమీక్షలో అధికారులు మండిపడ్డారని, సుఖప్రసవాలు పెంచాలని ఆదేశించారని రాసి ముగిస్తారు. ఆ లెక్కలు తప్పని నేననను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లు కాగా మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో అవి 42.4, ఒక్క ప్రైవేటు ఆసుపత్రులనే తీసుకుంటే 63. ఇది ఆందోళన పడవలసిన సంగతే. అయితే ఉమ్మడి అనంతపురం జిల్లాలోని ప్రభుత్వ ఆసుపత్రుల ప్రసూతి గదుల్లో ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నాకు, అలాంటి వార్త చదివిన ప్రతిసారీ ఒక ప్రశ్న మిగిలిపోతుంది. కాన్పు ఏ దారిన అయినా సరే, ఆ తల్లి ఒంట్లో ఎక్కడ చిరిగింది, ఎక్కడ ఎంత కోశారు, అది మానడానికి ఎన్నాళ్లు పడుతుంది, వచ్చే కాన్పుకు దానివల్ల ఏం మారుతుంది అన్న నాలుగు మాటలు ఆమెకు ఎవరైనా చెప్పి, కాగితం మీద రాసి ఇచ్చారా?

సుఖప్రసవం అనే మాటే మనల్ని కొంత మోసం చేసింది. ఆ మాట వినగానే తల్లి మర్నాడే లేచి తిరుగుతుందని, గాయమంటూ ఏమీ ఉండదని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. వార్డులో ఆడవాళ్లు మాత్రం పొట్ట కుట్లు, కింది కుట్లు అని రెండింటినీ కుట్లుగానే చెప్పుకొనేవారు. వాళ్ల మాటే సరైనది. బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ చెప్పే ప్రకారం తొలిసారి సహజంగా ప్రసవించే స్త్రీలలో పదిమందిలో తొమ్మిదిమందికి దాకా యోనిద్వారం దగ్గర ఎంతో కొంత చిరుగుతుంది. అందులో ఎక్కువభాగం చిన్నవే. చర్మం మాత్రమే చీరుకుపోతే మొదటి స్థాయి అంటారు, కొన్నిసార్లు దానికి కుట్టు కూడా అక్కరలేదు. చర్మం కింద ఉండే కండరం కూడా చిరిగితే రెండో స్థాయి, దానికి కుట్లు వేయాలి. బిడ్డకు దారి ఇవ్వడానికి మేము కత్తెరతో పెట్టే కోత కూడా లోతులో రెండో స్థాయి చిరుగుతో సమానమే. చిరుగు ఇంకా వెనక్కు పోయి మలద్వారాన్ని బిగించి పట్టుకునే ఉంగరంలాంటి కండరాన్ని తాకితే మూడో స్థాయి, దాన్ని దాటి లోపలి మెత్తటి పొర కూడా తెగితే నాలుగో స్థాయి. ఈ చివరి రెండూ అరుదు. అదే రాయల్ కాలేజీ లెక్కల్లో మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురికి, తొలి కాన్పు వాళ్లలో సుమారు ఆరుగురికి ఇవి జరుగుతాయి. బిడ్డ నాలుగు కిలోలు దాటినప్పుడు, ముఖం పైకి తిరిగి వచ్చినప్పుడు, భుజం ఇరుక్కున్నప్పుడు, ముక్కే దశ బాగా సాగినప్పుడు, ముఖ్యంగా బిడ్డ తలను పట్టి లాగే పటకారులాంటి ఫోర్‌సెప్స్ వాడినప్పుడు ముప్పు పెరుగుతుంది. ఆసియా స్త్రీలలో ఇది కొంచెం ఎక్కువని కూడా ఆ మార్గదర్శకాల్లోనే ఉంది కనుక, ఇది మనది కాని సమస్య అని పక్కన పెట్టడానికి వీల్లేదు.

అరుదైనది కదా అని వదిలేయకూడదని నాకు తెలిసింది నా ఇంట్లోనే. నా కూతురికి మరో ఊళ్లో, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫోర్‌సెప్స్‌తో కాన్పు అయింది. బిడ్డ ఆరోగ్యంగా ఉంది, మూడో రోజున ఇంటికి పంపారు. డిశ్చార్జి కాగితంలో తేదీ, బిడ్డ బరువు, ఆడబిడ్డ, ఫోర్‌సెప్స్, ఆర్.ఎం.ఎల్.ఇ. అని ఉన్నాయి. ఆ చివరి నాలుగు అక్షరాలు కుడివైపుకు పెట్టిన కోతకు మేము రాసుకునే గుర్తు. అంతకుమించి ఒక్క మాట లేదు. నాలుగు నెలలు గడిచాక, అదీ రాత్రిపూట పిల్ల నిద్రపోయిన తరువాత, దీపం ఆర్పేసి పడుకున్నప్పుడు, గ్యాస్ ఆపుకోలేకపోతున్నానని, ఒక్కోసారి చీరకు మరకపడుతోందని నాతో చెప్పింది. తల్లిని, పైగా జీవితమంతా ప్రసూతి గదిలో గడిపినదాన్ని, నాకు చెప్పడానికే నాలుగు నెలలు పట్టింది. మరొక వైద్యురాలు పరీక్షచేసి, మలద్వారపు కండరం ఆనాడే తెగి ఉంటుందని, దాన్ని ఎవరూ గమనించక పైపైనే కుట్టేశారని చెప్పారు. వ్యాయామాలతోనూ, మందులతోనూ ఇప్పుడు చాలావరకు తేరుకుంది. ఆనాడు కుట్టిన డాక్టరు కావాలని చేసిందని నేననుకోను. అర్ధరాత్రి, వెలుతురు సరిగా లేనిచోట, ఒకరి తరువాత ఒకరు వస్తుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ కాన్పు కాగానే కుట్లు వేసేముందు ఒకసారి, వేసిన తరువాత ఒకసారి, తల్లికి చెప్పి, మలద్వారంలోంచి వేలితో తడిమి చూడటం మార్గదర్శకాల్లో ఉన్న నియమమే, దానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు దొరికి ఉంటే ఆపరేషన్ థియేటర్‌లో, నడుముకు మత్తు ఇచ్చి, ఆ కండరం కొసలు వెతికి పట్టుకుని కుట్టేవారు. అలా సకాలంలో సరిగా కుట్టినవాళ్లలో ఏడాది తిరిగేసరికి నూటికి 60 నుంచి 80 మంది ఏ ఇబ్బందీ లేకుండా ఉంటారు.

ఇక నేను చేసిన పని కూడా చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు తొలిచూలు కాన్పు అంటే కోత పెట్టవలసిందేనని మాకు నేర్పారు. తనంతట తాను చిరగడం కంటే కత్తెరతో నేరుగా కోస్తే బాగా మానుతుందని, చిరుగు వెనక్కు పోకుండా కాపాడుతుందని నమ్మి, ఎన్ని వందల మందికి పెట్టామో లెక్కలేదు. అందరికీ అలా పెట్టడం వల్ల మేలు లేదని తరువాతి పరిశోధనల్లో తేలింది. అవసరం ఉన్నా లేకున్నా కోత పెట్టే అలవాటు పనికిరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో రాసింది. బిడ్డ గుండె చప్పుడు పడిపోతున్నప్పుడో, ఫోర్‌సెప్స్ వేయవలసి వచ్చినప్పుడో కోత అవసరమే. అప్పుడు కూడా నిట్టనిలువుగా కిందికి కోస్తే అది నేరుగా మలద్వారం మీదికి దారి తీస్తుంది కనుక, బిడ్డ తల చర్మాన్ని బాగా సాగదీసి ఉన్న సమయంలో, మధ్యగీత నుంచి 60 డిగ్రీల వాలుగా పక్కకు కోయాలి. బిడ్డ దిగిపోయి చర్మం ముడుచుకున్నాక ఆ కోణం తగ్గిపోతుంది, అందుకే ముందే అంత ఏటవాలు కావాలి. ఈ సంగతి తెలియక నలభై డిగ్రీలకు కోసిన కత్తెరలు మన జిల్లాలో చాలా ఉన్నాయి, అందులో నాదీ ఒకటి.

చిరగకుండా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి, వాటికి పెద్ద ఖర్చు కూడా లేదు. ముక్కే దశలో గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డను కింద ఆనించి ఉంచితే మూడు, నాలుగు స్థాయుల చిరుగులు తగ్గుతాయని పరీక్షల్లో తేలింది. మా పాత మంత్రసానులు వేడినీళ్లు, గుడ్డలు సిద్ధం చేయమనేవారు, ఎందుకో అడిగితే చెప్పలేకపోయినా ఆ చేయి సరైన పనే చేసింది. బిడ్డ తల బయటికి వచ్చే చివరి క్షణాల్లో మన ప్రసూతి గదుల్లో చుట్టూ నిలబడి "ముక్కమ్మా, ముక్కు, ఇంకా గట్టిగా" అని అరుస్తారు. నిజానికి సరిగ్గా అప్పుడే ముక్కడం ఆపి, నోటితో చిన్నచిన్నగా ఊపిరి వదలమని చెప్పాలి. తల మెల్లగా, చర్మం సాగడానికి సమయమిస్తూ రావాలి, కింద ఒక చేయి ఆసరాగా ఉండాలి. పొట్ట మీద మోచేతితో నొక్కి బిడ్డను కిందికి తోసే పద్ధతిని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంది, అయినా అది ఇంకా పూర్తిగా పోలేదు. 34, 35 వారాల నుంచి వారానికి ఒకటి రెండుసార్లు శుభ్రమైన నూనెతో ఆ భాగాన్ని లోపలివైపు నుంచి మెత్తగా సాగదీసుకుంటే తొలి కాన్పు వాళ్లలో కోత, కుట్ల అవసరం కొంత తగ్గుతుంది. ఈ మాట గర్భిణులకు చెప్పే నర్సును నా సర్వీసులో ఒక్కరిని కూడా చూడలేదు. నేను కూడా చెప్పలేదు, చెప్పడానికి మాకూ సిగ్గే.

సిజేరియన్ సంగతికి వద్దాం. కింద చిరిగే బాధ లేదు, నొప్పులు లేవు, ముహూర్తం చూసుకోవచ్చు అన్న మాటలు పెళ్లిళ్లలో కూడా వినిపిస్తున్నాయి. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, మాయ దారికి అడ్డంగా ఉన్నప్పుడు, బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోయినప్పుడు ఈ ఆపరేషనే రెండు ప్రాణాలను నిలబెడుతుంది. దాన్ని తిట్టిపోసే వాళ్లతో నాకు పొత్తు లేదు. అయితే అది గాయం లేని కాన్పు కాదు, గాయం చోటు మారిన కాన్పు. పొత్తికడుపు మీద కనిపించేది జానెడు గీతే గానీ, దాని కింద కొవ్వును, తెల్లటి గట్టిపొరను కోసి, కండరాలను పక్కకు తప్పించి, పేగులను కప్పి ఉంచే పలుచని పొరను తెరిచి, చివరికి గర్భసంచిని కోస్తారు. మూత్రానికి గొట్టం వేస్తారు, మర్నాడు తీస్తారు. సహజ కాన్పులో అర లీటరుకు మించి రక్తం పోతే ఎక్కువ పోయినట్టు, సిజేరియన్‌లో లీటరు దాటితే ఎక్కువ పోయినట్టు మేము లెక్కవేసుకునేవాళ్లం. అంటే మామూలుగానే ఇందులో రక్తం ఎక్కువ పోతుందని ఒప్పుకోవడమే. గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్న మన రాష్ట్రంలో ఆ తేడా చిన్నది కాదు. కుట్లు చీము పట్టడం, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టడం కూడా సహజ కాన్పు కంటే ఇందులోనే ఎక్కువ. నొప్పులన్నీ పడి, తల బాగా కిందికి దిగాక చివరిలో ఆపరేషన్ చేయవలసి వచ్చినవాళ్ల స్థితి మరీ కష్టం. వాళ్లు రెండు కాన్పుల శ్రమను ఒక్క రాత్రిలో పడతారు. అందుకని నిర్ణయం ముందే తీసుకుని చేసిన సిజేరియన్‌నూ, అర్ధరాత్రి పరుగుల మీద చేసినదాన్నీ ఒకే శాతంలో కలిపి చదవడం కూడా సరికాదు. ముహూర్తం కోసం 39 వారాలు నిండకముందే కోస్తే బిడ్డకు ఊపిరి తీసుకోవడంలో ఇబ్బంది వచ్చే అవకాశం పెరుగుతుందని మాత్రం ఆ పంచాంగం చూసే పెద్దలకు ఎవరైనా చెప్పాలి.

తేరుకోవడానికి ఎన్నాళ్లు అన్నది ప్రతి తల్లీ అడిగే మాట. చిరగకుండా ప్రసవించిన తల్లి కొన్ని గంటల్లోనే లేచి నడుస్తుంది. ఒకటో రెండో స్థాయి చిరుగైతే కూర్చోవడానికి, మూత్రానికి వెళ్లడానికి రెండు మూడు వారాలు బాధ ఉంటుంది, కరిగిపోయే దారాలు ఒక్కోసారి కొసలు కొసలుగా రాలుతూ భయపెడతాయి, అది మామూలే. మూత్రం పోసేటప్పుడు పైనుంచి చెంబుతో నీళ్లు పోసుకుంటే మంట తగ్గుతుంది. సిజేరియన్ తల్లిని మర్నాటికల్లా పట్టుకుని లేపి నడిపించాలి, అలా నడవడం రక్తం గడ్డకట్టకుండా కాపాడుతుంది. పక్కకు ఒత్తిగిలి చేతి ఆసరాతో లేవాలి, దగ్గు వస్తే దిండును పొట్టకు అదిమి పట్టుకోవాలి. లోపలి పొరలు అతకడానికి ఆరు వారాలు పడుతుంది, అంతవరకూ బిడ్డ బరువుకు మించినది ఎత్తవద్దంటారు. ఇక్కడే మన ఇళ్ల సంగతి గుర్తుకు వస్తుంది. నీళ్ల బిందె పదిహేను కిలోలు. ధర్మవరంలో కండెలు చుట్టే ఆమె కింద గంటల కొద్దీ బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, కింది కుట్లతో అది ఎలా సాధ్యం? శనక్కాయ పీకే రోజుల్లో కాన్పయిన కూలి ఆమెకు ఆరు వారాలు కాదు కదా, మూడు వారాలు ఆగడం కూడా గగనం. ఇరవై ఆరు వారాల ప్రసూతి సెలవు చట్టంలో ఉన్నది ఆమె కోసం కాదు.

ప్రభుత్వ లెక్కలోనూ ఈ రెండు రకాల కాన్పుల తేడా కొంత ఉంది. 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద సహజ కాన్పు తల్లికి మూడు రోజులు, సిజేరియన్ తల్లికి ఏడు రోజుల దాకా ఆసుపత్రిలో ఉచితంగా అన్నం పెట్టాలి. మంచి నియమమే. కానీ మూడో స్థాయి చిరుగు కుట్టించుకున్న తల్లి ఆ రెండింటిలో ఏ లెక్కలోకి వస్తుందో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. ఆమెకు విరేచనం సాఫీగా అయ్యే మందు ఇచ్చి, మొదటిసారి దొడ్డికి వెళ్లేదాకా కనిపెట్టి చూడాలి. మా రిజిస్టర్లో మాత్రం ఆమె నార్మలే, మూడో రోజుకల్లా మంచం ఖాళీ చేయాలి.

ఇంటికి వెళ్లాక గాయానికి మొదటి శత్రువు పథ్యం. ఈ మాట పెద్దవాళ్లకు కోపం తెప్పిస్తుందని తెలిసే రాస్తున్నాను. "సిస్టరమ్మా, పప్పు పెడితే కుట్లు చీము పడ్తాయి గదమ్మా" అని నన్ను అడగని అత్తగారు లేదు. పప్పు వల్ల చీము పట్టదు, మురికి చేతుల వల్ల, తడి గుడ్డల వల్ల, చక్కెర జబ్బు అదుపులో లేకపోవడం వల్ల చీము పడుతుంది. గాయం పూడటానికి కావలసిన మాంసకృత్తులు ఇచ్చేవి పప్పు, గుడ్డు, పాలే, వాటినే ముందు మాన్పిస్తారు. పచ్చి బాలింత అని నీళ్లు లోటాకు మించి ఇవ్వరు, ఆకుకూర, పండు దగ్గరికి రానివ్వరు, వెల్లుల్లి కారంతో అన్నం పెడతారు. ఎండాకాలంలో, అదీ అనంతపురం ఎండల్లో, పాలిచ్చే తల్లికి నీళ్లు తగ్గిస్తే ఏమవుతుంది? మలం రాయిలా గట్టిపడుతుంది. కింది కుట్లున్న తల్లి భయంతో దొడ్డికి వెళ్లడం వాయిదా వేస్తుంది, ఇంకా గట్టిపడుతుంది, చివరికి ముక్కినప్పుడు కుట్టు తెగుతుంది. పొట్ట కుట్లున్న తల్లికీ ముక్కడం మంచిది కాదు. వెల్లుల్లి కారం మానేయమని నేను చెప్పను, అది నాకూ ఇష్టమే. దానితోపాటు పప్పు, ఆకుకూర, చెంబెడు నీళ్లు పెట్టమంటున్నాను. నడుముకు ఇచ్చిన మత్తు సూది వల్లే జీవితాంతం నడుం నొప్పి అనే మాటకు కూడా ఆధారం లేదు. సూది ఇచ్చిన చోట కొద్ది రోజులు నొప్పి ఉండొచ్చు, నెలల తరబడి ఉండే నొప్పి సూది వేయించుకోని తల్లులకూ అంతే వస్తుంది. వంగి పాలివ్వడం, బలహీనపడిన పొట్ట కండరాలు దానికి ఎక్కువ కారణం.

దీర్ఘకాలంలో ఏ దారి మేలు అన్నదానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పేవారిని నమ్మకండి. దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడటం, గర్భసంచి కిందికి జారడం సహజంగా ప్రసవించిన వాళ్లలో ఎక్కువ, ఫోర్‌సెప్స్ పడ్డవాళ్లలో ఇంకా ఎక్కువ. సిజేరియన్ దాన్ని తగ్గిస్తుందే గానీ పూర్తిగా తప్పించదు, ఎందుకంటే తొమ్మిది నెలలు ఆ బరువు మోసింది కూడా మూత్రాన్ని, గర్భసంచిని పట్టి ఉంచే ఆ కటి కండరాలే. మరోవైపు, ఒకసారి కోసిన గర్భసంచి మీద వచ్చే కాన్పుల్లో మాయ దారికి అడ్డంగా అతుక్కోవడం, ఆ మాయ పాత కుట్టు లోపలికి చొచ్చుకుపోయి ఊడి రాకపోవడం అనే ప్రమాదాలు ఉన్నాయి, అవి సిజేరియన్ల సంఖ్యతో పాటు పెరుగుతాయి. ఇద్దరితో ఆపేసి రెండో ఆపరేషన్‌లోనే పిల్లలు పుట్టకుండా చేయించుకుంటాం కదా, మాకెందుకు ఆ భయం అని మన వైపు కుటుంబాలు అడుగుతాయి. అది కొట్టిపారేయవలసిన మాట కాదు, ఇద్దరితో ఆపేవారికి ఆ ముప్పు నిజంగానే తక్కువ. మూడో బిడ్డ కావాలనుకునేవారు, మొదటి బిడ్డను పోగొట్టుకున్నవారు మాత్రం ఈ లెక్క ముందే వేసుకోవాలి. ఒకసారి సిజేరియన్ అయితే ఇక ఎప్పుడూ సిజేరియనే అన్నది కూడా నిజం కాదు. గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోసి ఉంటే, తగిన ఆసుపత్రిలో ప్రయత్నించిన నలుగురిలో సుమారు ముగ్గురికి సహజ కాన్పు అవుతుంది, పాత కుట్టు విచ్చుకునే ప్రమాదం రెండు వందల మందిలో ఒకరికి. నిలువుగా కోసి ఉంటే మాత్రం ప్రయత్నించకూడదు. అయితే ఎలా కోశారో ఆ తల్లికి తెలియాలి కదా! పైన చర్మం మీది గీత చూసి లోపలి కోత చెప్పలేం.

కుట్లు మానిన పదేళ్లకు, పదిహేనేళ్లకు ఈ కథ మరో గదిలో తేలుతుంది. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒకామె, ముగ్గురు పిల్లల తల్లి, గర్భసంచి తీయించుకోవడానికి చేరింది. ఏం బాధమ్మా అని అడిగితే, రెండో కాన్పు నుంచీ దొడ్డికి ఆపుకోలేకపోతున్నానంది. ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదా అంటే "ఎవురికని చెప్పేది మేడం, సిగ్గయితాది" అంది. చిన్న వయసులో గర్భసంచి తీయించుకునేవారు దేశంలోకెల్లా మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే ఎక్కువని జాతీయ సర్వేలు చెబుతున్నాయి. అందులో ఇలాంటివారు ఎందరో ఎవరూ విడిగా లెక్క తీయలేదు. మలద్వారపు కండరం తెగిన బాధకు గర్భసంచి తీయడం మందు కాదు. కటి కండరాలను లోపలికి, పైకి బిగించి పట్టి వదిలే వ్యాయామాన్ని ఒక్కో విడతకు ఎనిమిదిసార్లు, రోజుకు మూడు విడతలు, మూడు నెలలు చేయమని కాన్పయిన వారంలోనే నేర్పి ఉంటే, ఆమెలాంటి వారిలో కొందరికైనా ఆ మంచం ఎక్కే పని ఉండేది కాదు. ఆ వ్యాయామం సిజేరియన్ తల్లులకూ అవసరమే.

అందుకని నేను కోరేది కొత్త పథకం కాదు. డిశ్చార్జి కాగితంలో ఎఫ్.టి.ఎన్.డి. (నెలలు నిండిన సహజ కాన్పు), ఎల్.ఎస్.సి.ఎస్. (గర్భసంచి కింది భాగంలో కోసిన సిజేరియన్) అన్న పొడి అక్షరాలకు తోడు తెలుగులో రెండు వాక్యాలు ఉండాలి. సహజ కాన్పు అయితే చిరిగిందా, కోశారా, ఏ స్థాయి, మలద్వారపు కండరం చూశారా లేదా అని. సిజేరియన్ అయితే ఎందుకు చేశారు, గర్భసంచిని అడ్డంగా కోశారా, నిలువుగా కోశారా, తరువాతి కాన్పు సహజంగా ప్రయత్నించవచ్చా లేదా అని. జ్వరం, కుట్ల దగ్గర చీము, దుర్వాసన, ఒక పిక్క వాచి నొప్పి పెట్టడం, ఆయాసం, గంటకో గుడ్డ తడిసేంత రక్తం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు రావాలని కూడా అక్కడే ఉండాలి. ఆశా కార్యకర్తలు కాన్పు తరువాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వచ్చి బిడ్డ బరువు, వెచ్చదనం చూస్తారు. ఆ ఆరు రాకల్లో కనీసం రెండింట్లో, ఇంట్లో మగవాళ్లు, అత్తగారు పక్కన లేనప్పుడు, మూత్రం గానీ గ్యాస్ గానీ దొడ్డి గానీ ఆపుకోలేకపోతున్నావా అమ్మా అని ఆ తల్లిని సూటిగా అడగాలి. అడిగితే చెబుతారు, అడక్కపోతే దీపం ఆర్పాక కూడా చెప్పరు.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. జిల్లా వైద్యాధికారుల సమీక్ష వార్త రాయడానికి మీ విలేకరి ఈసారి వెళ్లినప్పుడు, సిజేరియన్లు ఎన్ని అన్న ప్రశ్నతో ఆగకుండా, గడచిన నెలలో మూడు, నాలుగు స్థాయుల చిరుగులు ఎన్ని నమోదయ్యాయని కూడా అడగమనండి. నెలకు వందల కాన్పులు జరిగే ఆసుపత్రి నుంచి ఒక్కటీ లేదన్న జవాబు వస్తే, కుట్లు వేసేముందు వేలితో పరీక్ష చేస్తున్నారా అని రెండో ప్రశ్న వేయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సు,
అనంతపురం.